పై ఇంటివారి గచ్చు, మన ఇంటి కప్పు

ప్రశ్న: విజయవాడలో 14 ఏళ్ల కిందట కట్టిన ఐదంతస్తుల అపార్ట్‌మెంటులో రెండో అంతస్తు మాది. నేను ఉపాధ్యాయురాలిగా చేసి రిటైరయ్యాను. మావారికి గుండెకు స్టెంటు వేశారు. మనవరాలు మా దగ్గరే ఉండి ఇంటర్మీడియట్ రెండో సంవత్సరం చదువుతోంది. మా పై ఫ్లాటును నిరుడు ఒక సాఫ్ట్‌వేరు అబ్బాయి కొన్నాడు. ఏడు నెలలుగా ఆ ఇంట్లో పని ఆగిన వారం లేదు. ముందు వంటగదికీ హాలుకూ మధ్య గోడ తీయించాడు. తరువాత ఫాల్స్ సీలింగు వేయించి, నచ్చలేదని పీకించాడు. ఇప్పుడు ఎవరో వాస్తు చూసి ఈశాన్యంలో బాత్‌రూమ్ ఉండకూడదన్నారని, దాన్ని మూయించి వాయవ్యం గదిలో కొత్తది కట్టిస్తున్నాడు. ఇంకా టైల్స్ పరచలేదు. పగలంతా మేస్త్రీలు కొడతారు, రాత్రి తొమ్మిది దాటాక ఆయనే డ్రిల్లింగ్ మిషన్ పట్టుకుంటాడు. అడిగితే "రెండు రోజుల్లో అయిపోతుంది ఆంటీ" అంటాడు. కొత్త బాత్‌రూమ్ కింద మా మనవరాలు చదువుకునే గది ఉంది. దాని కప్పు మీద అరచేతి మేర ఉన్న చెమ్మ నెల రోజుల్లో చేటంత అయింది. అసోసియేషన్ ప్రెసిడెంటుగారు తన బాల్కనీని గదిగా మూయించుకున్నారు కాబట్టి నోరు విప్పరు. ఆ అబ్బాయి తల్లి మంచావిడ, నన్ను వదినగారూ అని పిలుస్తుంది, ఊరి నుంచి వచ్చిన మునక్కాడలు పంపుతుంది. తన ఇంట్లో తాను చేయించుకునే పనిని అడ్డుకునే హక్కు మాకు ఉందా? పోలీసులకు చెప్పాలా, ఊరుకోవాలా?
— ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు, విజయవాడ

సమాధానం:

అమ్మా, నమస్కారం. పైన అచ్చయినది మీ ఉత్తరానికి సంగ్రహం మాత్రమే. మీరు రాసి పంపినది మూడు పేజీలు. అందులో రెండున్నర పేజీలు చప్పుడు గురించి ఉన్నాయి, కప్పు మీద చెమ్మ గురించి నాలుగు వాక్యాలు ఉన్నాయి. కట్టడాల పనిలో ముప్ఫయ్యేళ్లు గడిపినవాడిని కనుక నేను ఆ నాలుగు వాక్యాల దగ్గరే ఆగిపోయాను. ఇరుగుపొరుగుల మధ్య ఇటువంటి తగాదాలు ఎన్నో చూశాను. దాదాపు అన్నింటిలోనూ జరిగింది ఒకటే: కింది ఇంటివారు చప్పుడు దగ్గర గట్టిగా పోట్లాడతారు, ఆ పోట్లాటలో మనసులు విరిగాక చెమ్మ సంగతి ఎత్తడానికి మొహమాటపడతారు. చప్పుడు పని అయిపోయిన రోజున ఆగిపోతుంది. చెమ్మ అసలు మొదలయ్యేదే ఆ రోజున. అందుచేత మీకు నా సలహా తలకిందులుగా ఉంటుంది. చప్పుడు విషయంలో మీరు ఇచ్చిపుచ్చుకునే ధోరణిలో ఉండండి. స్లాబు విషయంలో మాత్రం వదినగారి మునక్కాడలను కూడా పక్కన పెట్టి, ఈ వారంలోనే, కాగితం మీద మాట్లాడండి. టైల్స్ ఇంకా పరచలేదని మీరు రాసిన ఒక్క మాటే నాకు ధైర్యం కలిగించింది. పరిచేశాక అయితే ఇదే సమాధానం మరోలా రాయవలసి వచ్చేది.

ముందు మీ హక్కు సంగతి. తన ఇంట్లో తన ఇష్టం అన్న మాట విడి ఇల్లు ఉన్నవారికి చాలావరకు చెల్లుతుంది. అపార్ట్‌మెంటులో ఒకరి గచ్చూ మరొకరి కప్పూ ఒకే పలక. మీ రెండు కుటుంబాలకూ మధ్య ఉన్నది మహా అయితే ఐదంగుళాల కాంక్రీటు. దాని పై ముఖం ఆయనది, కింది ముఖం మీది, లోపలి ఇనుము ఇద్దరిదీ, ఆ మాటకొస్తే ఆ కట్టడంలో ఉన్న అందరిదీ. ఉమ్మడి రాష్ట్రంలో 1987లో వచ్చిన అపార్ట్‌మెంట్ల చట్టం కూడా పునాదులను, పిల్లర్లను, బీములను, ముఖ్యమైన గోడలను, కప్పులను ఉమ్మడి ఆస్తిలోనే చేర్చింది. ఆయన తన గోడలకు రంగు మార్చుకోవచ్చు, టైల్స్ మార్చుకోవచ్చు, పూత కొట్టించి మళ్లీ వేయించుకోవచ్చు. అటువంటి పనులకు సాధారణంగా నగరపాలక సంస్థ అనుమతి కూడా అక్కర్లేదు. కట్టడం బలాన్ని తాకే మార్పు మాత్రం ఆయన ఒక్కరి నిర్ణయంతో జరగకూడదు. కాబట్టి అడిగే హక్కు మీకు ఉంది. అడగకపోతే రేపు ఆ ఫ్లాటు చేతులు మారినప్పుడు, కొత్తగా వచ్చినవారు "మేము కొనేటప్పటికే ఇలా ఉంది" అంటే మీ దగ్గర చూపించడానికి ఏమీ ఉండదు.

హాలుకూ వంటగదికీ మధ్య తీసేసిన గోడ గురించి మీరు చాలా భయపడ్డారు. దాని గురించి అంతగా బెంగపడకండి. పద్నాలుగేళ్ల కిందట ఐదంతస్తులు లేపారంటే అది పిల్లర్లు, బీముల మీద నిలబడిన కట్టడమే అయి ఉంటుంది. అందులో లోపలి గోడలు నాలుగున్నర అంగుళాల ఇటుక గోడలు, గదులను విడదీయడానికే తప్ప కప్పును మోయడానికి కట్టినవి కావు. గోడ తీసేటప్పుడు మేస్త్రీ పైన ఉన్న బీమును గానీ పక్కనున్న పిల్లరును గానీ చెక్కాడా అన్నదొక్కటే ప్రశ్న. అడిగి, చూసి, చెక్కలేదని తేలితే ఆ సంగతి మరచిపోండి. పాత పద్ధతిలో గోడల మీదే కప్పు మోపి కట్టిన డాబాలలో ఇదే పని చేసి ఉంటే నా జవాబు వేరుగా ఉండేది.

ఇక బాత్‌రూమ్. దీని దగ్గర కాస్త తీరిగ్గా ఆగుదాం, ఎందుకంటే ఆ అబ్బాయికి మేస్త్రీ చెప్పని లెక్క, వాస్తు చూసినవారు అడగని లెక్క ఇందులో ఉంది. అపార్ట్‌మెంటులో బాత్‌రూములన్నీ ఒకదాని కింద ఒకటి నిలువుగా వస్తాయి. మరుగుదొడ్డి గొట్టాలు పక్కనున్న డక్టులోంచి, అంటే గొట్టాల కోసం పైనుంచి కిందిదాకా వదిలిన సందులోంచి, సూటిగా కిందికి దిగుతాయి. బాత్‌రూమ్ కింద బాత్‌రూమే ఉంటుంది కనుక ఒకచోట చెమ్మ వచ్చినా అది ఎవరి పుస్తకాల మీదా కారదు. చాలా కట్టడాల్లో ఆ చోట స్లాబును మిగతా గదుల కంటే లోతుగా దించి పోస్తారు, గొట్టాలు ఆ లోతులో నడుస్తాయి. మీ పై అబ్బాయి ఇప్పుడు ఆ నిలువు వరస నుంచి బాత్‌రూమును బయటికి లాగి, మామూలు పడకగది స్లాబు మీద పెడుతున్నాడు. అక్కడ దించిన లోతు లేదు. కొత్త మరుగుదొడ్డి నుంచి పాత డక్టు దాకా నాలుగంగుళాల గొట్టం వెళ్లాలి, దానికి వాటం, అంటే నీళ్లు జారిపోయే వాలు, ఉండాలి. 40 అడుగులకు ఒక అడుగు వాటం అనుకున్నా, పన్నెండడుగుల దూరానికి మూడున్నర అంగుళాలు దిగాలి. గొట్టం మందమూ దిగవలసిన వాటమూ కలిపితే ఏడున్నర అంగుళాలు, పైన టైల్స్ పరుపు వేరే. అంటే ఆ గది గచ్చును దాదాపు ఎనిమిది అంగుళాలు లేపాలి, లేదా స్లాబుకు కన్నం కొట్టి గొట్టాన్ని మీ గది కప్పు కింద వేలాడదీయాలి. రెండోది ఆయన చేయలేదు కాబట్టి మొదటిదే చేస్తున్నాడని అనుకోవాలి.

ఎనిమిది అంగుళాలు లేపడానికి మేస్త్రీలు సాధారణంగా ఏం చేస్తారో మీకు తెలిసే ఉంటుంది. పాత గోడ కొట్టగా వచ్చిన ఇటుక బెడ్డలనే అందులో పోసి, పైన సిమెంటు పోసి మట్టం చేస్తారు. బెడ్డలు కిందికి మోయించే కూలి కూడా కలిసొస్తుంది కనుక ఇంటివారు సంతోషిస్తారు. అలా నింపిన చోట చదరపు మీటరుకు 350 కిలోలకు పైనే బరువు పడుతుంది. మామూలు గది స్లాబును లెక్క వేసేటప్పుడు మనుషులకూ సామానుకూ కలిపి ఇంజినీర్లు తీసుకునే బరువు చదరపు మీటరుకు సుమారు 200 కిలోలు. నలభై చదరపు అడుగుల చిన్న బాత్‌రూమ్ అయినా టన్నుంబావు పైమాటే, దాని చుట్టూ లేపే కొత్త గోడల బరువు అదనం. ఇంత చెప్పినంత మాత్రాన రేపో ఎల్లుండో కప్పు కూలుతుందని కాదు. ఇంజినీర్లు లెక్కలో కొంత వెసులుబాటు ఉంచుతారు. అయితే ఆ వెసులుబాటు భూకంపానికీ, ఇసుకలో మట్టి కలిసిన నాటి కాంక్రీటుకూ, ముసలితనానికీ ఉంచినది. ఒక ఇంటి వాస్తు కోసం దాన్ని ఖర్చు పెట్టేయడం మిగతా ఇళ్లవారిని అడగకుండా చేయవలసిన పని కాదు.

పైగా ఆ బెడ్డల మధ్య ఖాళీలుంటాయి. ఎక్కడో ఒక జాయింటు దగ్గర గొట్టం సన్నగా ఉరిసినా, నీళ్లు ముందుగా ఆ ఖాళీలను నింపుకుని, నెలల తరబడి స్లాబు మీద నిలిచి, నెమ్మదిగా లోపలికి దిగుతాయి. స్లాబులో ఇనుము మీద ఉండే కాంక్రీటు ముప్పావు అంగుళం మించదు. గొట్టం కోసమో గచ్చు అతకడం కోసమో మేస్త్రీ దాన్ని చెక్కి ఉంటే ఆ మాత్రం కూడా ఉండదు. తడి తగిలిన ఇనుము తుప్పు పడుతుంది, తుప్పు తన అసలు ఇనుము కంటే రెట్టింపుకు పైగా చోటు ఆక్రమిస్తుంది, ఆ ఉబ్బుకు కింద కాంక్రీటు పెచ్చులుగా ఊడుతుంది. మీ మనవరాలి గదిలో ఇప్పటికి కనిపిస్తున్నది చెమ్మే. తడిసిన భాగాన్ని చీపురు కర్ర చివరతో మెల్లగా తట్టి చూడండి. గట్టి చప్పుడు వస్తే మంచిదే. డొల్లగా మోగితే పూత విడిపోయిందని అర్థం, ఆ చోట కింద ఎవరూ కూర్చోకుండా బల్లను వెంటనే గోడ అవతలి వైపుకు జరిపించండి. డొల్ల ఉన్నా లేకున్నా బల్ల జరపమనే నా సలహా.

ఆ తరువాత ఒక పెన్సిలు తీసుకుని, ఎత్తుబల్ల ఎక్కగలిగినవారి చేత చెమ్మ అంచు వెంబడి గీత గీయించి, పక్కన తేదీ వేయించండి. మీరు ఎక్కకండి. నాలుగు రోజులకొకసారి అంచు దాటిందేమో చూసి, దాటితే మరో గీత, మరో తేదీ. పగుళ్లు ఉంటే పగులు రెండు కొసల దగ్గరా చిన్న అడ్డగీత గీసి, అక్కడా తేదీ వేయండి. నోటితో "పెరుగుతోంది బాబూ" అంటే ఆ అబ్బాయి మీ చాదస్తమనుకుంటాడు, గీతలు చూపిస్తే లెక్క తెలిసినవాడు కనుక కాదనలేడు. పని ఆపి, ఆ గదికి వెళ్లే నీటి లైను వాల్వు మూడు రోజులు కట్టేయమనండి. చెమ్మ అంతటితో ఆరడం మొదలుపెడితే లోపం నీటి లైనులో ఉన్నట్టు, ఆరకపోతే బెడ్డల్లో ఇప్పటికే నీళ్లు నిలిచి ఉన్నట్టు. పిల్లరు మీద గానీ బీము మీద గానీ ఏటవాలుగా పగులు కనిపించి, అది రోజురోజుకూ వెడల్పవుతుంటే మాత్రం ఈ గీతలూ పరీక్షలూ అన్నీ వదిలేసి, గది ఖాళీ చేసి ఆ రోజే ఇంజినీరును పిలిపించండి.

వాస్తు విషయంలో మీకొక మాట. ఆ అబ్బాయితో గానీ వాళ్లమ్మగారితో గానీ వాస్తు నిజమా అబద్ధమా అన్న వాదన పెట్టుకోకండి. నమ్మకం వారిది, డబ్బు వారిది. మీరు మాట్లాడవలసింది గొట్టం వాటం గురించీ, బరువు గురించీ మాత్రమే. నా వరకు నేను అనుకునేది ఏమిటంటే, వాస్తు నియమాలు సొంత నేల మీద, చుట్టూ ఖాళీ వదిలి కట్టుకునే ఇంటిని దృష్టిలో పెట్టుకున్నవి. ఒకే డక్టు మీద ఐదు కుటుంబాలు వేలాడే ఇంటికి వాటిని ఉన్నవి ఉన్నట్టు అతికించాలనుకోవడంలోనే చిక్కు ఉంది. చూసిన పెద్దమనిషిని మరోసారి పిలిపించి, గోడలూ గచ్చూ కదల్చకుండా ఏదైనా మార్గం చెప్పమని అడగమనండి. ఈశాన్యం బాత్‌రూమును వాడకుండా మూసేసి, రెండో బాత్‌రూముతో సర్దుకోవడం దగ్గర చాలామంది ఆగిపోతారు, అది మీకూ మంచిదే. వారు దేనికీ ఒప్పుకోక కొత్తది కట్టి తీరాలంటే, బెడ్డల బదులు తేలికపాటి దిమ్మలతో నింపడం, స్లాబుకు కన్నం కావాలంటే సమ్మెటతో కొట్టకుండా కోర్ కటింగ్ యంత్రంతో గుండ్రంగా తొలిపించడం, అన్నింటికంటే ముందు ఒక స్ట్రక్చరల్ ఇంజినీరు వచ్చి చూసి సంతకం చేసిన కాగితం ఇవ్వడం జరగాలి. టైల్స్ పరచకముందు, వాటర్ ప్రూఫింగ్ అయ్యాక, గొట్టాల మూతులు మూసి ఆ గది నిండా రెండంగుళాల నీళ్లు నిలగట్టి 48 గంటలు ఉంచాలి. ఆ రెండు రోజులూ మీ కప్పు పొడిగా ఉంటేనే టైల్స్ పరచాలి. మంచి మేస్త్రీ ఎవరైనా ఈ పరీక్షకు అభ్యంతరం చెప్పడు. "ఇప్పుడెందుకండీ, టైల్స్ అయ్యాక చూద్దాం" అనే మేస్త్రీని నమ్మకండి.

ఇప్పుడు చప్పుడు. కిటికీలు మూసినా, తలుపులు వేసినా ఆ మోత తగ్గడం లేదని రాశారు. అది మీ చెవుల భ్రమ కాదు. కాంక్రీటు పగలగొట్టే బ్రేకరు దగ్గర నిలబడితే మోత నూరు డెసిబెళ్ల దాకా ఉంటుంది. దానిలో గాలి ద్వారా వచ్చేది కొంత, స్లాబులోంచి పిల్లర్లలోంచి కంపనంగా దిగి వచ్చేది కొంత. కిటికీ ఆపగలిగేది మొదటిదాన్నే. రెండోది మీ గోడల్లోంచే పుడుతుంది. అందుకే పైవాళ్లు ఇంటి ఆ మూలన కొడుతున్నా మీ ఇంటి ఈ మూలన స్టీలు గిన్నెలు మోగుతాయి.

చట్టం ఏమంటుందంటే, 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55 డెసిబెళ్లు, రాత్రి 45 డెసిబెళ్లు పరిమితి. రాత్రి అంటే పది నుంచి ఉదయం ఆరు దాకా. పగటిపూట పరిమితిని పది డెసిబెళ్లు గానీ అంతకు మించి గానీ దాటితేనే ఫిర్యాదు నిలుస్తుంది, దానికి కొలత కావాలి. ఫోనులో దించుకున్న మీటరు మీకు అంచనాకు పనికొస్తుంది కానీ, సాక్ష్యంగా పెద్దగా నిలవదు. రాత్రిపూట సంగతి వేరు. 2010లో ఆ నియమాలకు చేర్చిన సవరణ నివాస ప్రాంతాల్లో రాత్రివేళ మోత చేసే నిర్మాణ యంత్రాలను వాడకూడదని నేరుగా చెప్పింది. రాత్రి ఆంక్షలను ఉల్లంఘించినప్పుడు డెసిబెళ్ల లెక్క లేకుండానే ఫిర్యాదు చేయవచ్చు. గోడ తొలిచే డ్రిల్లింగ్ మిషన్ కూడా ఇందులోకే వస్తుందని నా ఉద్దేశం. కనుక పది దాటాక మోగితే 112కు ఫోను చేసినా తప్పు లేదు. తొమ్మిది నుంచి పది దాకా ఉన్న గంట మాత్రం చట్టంతో కాక మాటతో తెచ్చుకోవలసినది.

ఆ మాట ఎలా ఉండాలి? "చప్పుడు చేయకు నాయనా" అంటే పని జరగదు. ఇల్లు బాగు చేసుకోవడంలో చప్పుడు తప్పదు, రేపు మీ బాత్‌రూమ్ టైల్స్ ఊడితే మీరూ చేస్తారు. వేళలు అడగండి. కొట్టే పనీ కోసే పనీ ఉదయం పది నుంచి ఒంటిగంట దాకా, మళ్లీ మూడున్నర నుంచి ఆరు దాకా. మధ్యలో మావారు పడుకుంటారని చెప్పండి. ఆదివారం పూర్తిగా సెలవు. పెద్ద మోత ఉన్న రోజుకు ముందు రోజు రాత్రే ఒక మెసేజి. మనవరాలి పరీక్షల టైంటేబుల్ కాపీ ఒకటి వాళ్ల తలుపు మీదే అంటించమనండి. వాళ్లమ్మగారే కాపలా కాస్తారు. వేళలు తెలిస్తే అదే మోతను మనిషి సగం కష్టంతో భరిస్తాడు, ఎప్పుడు మొదలవుతుందో తెలియకపోవడమే గుండె జబ్బు మనిషిని ఎక్కువ అలసట పెడుతుంది. టైల్స్ కోసేటప్పుడు గ్రైండరు మీద నీళ్లు పోస్తూ కోయమని కూడా చెప్పండి. ఆ పొడిలో ఉండే సిలికా ఊపిరితిత్తులకు చెడు, ఆ చెడు మీకంటే ముందు మూతికి గుడ్డ కట్టుకుని కోస్తున్న ఆ కుర్రాడికి.

రాత్రిళ్లు తానే మిషన్ పట్టుకునే ఆ అబ్బాయి మీద నాకు కోపం రావడం లేదు, కారణం నేనూ ఆ కోవలోవాడినే. పదిహేనేళ్ల కిందట ఉయ్యాలబల్ల కొక్కేనికి మేస్త్రీని పిలవడం నామోషీ అనుకుని నేనే హాలు కప్పులోకి డ్రిల్లు దించాను. స్లాబు పోసేటప్పుడే ఫ్యాన్లకు వెళ్లే కరెంటు పైపులు అందులో పడుకోబెడతారని ఊరందరికీ చెప్పే పెద్దమనిషిని, మా పైపు ఎక్కడుందో చూసుకోలేదు. వైరు తెగి, ఆ వేసవంతా హాలులో ఫ్యాను తిరగలేదు. ఉయ్యాలబల్ల ఇప్పటికీ అటక మీదే ఉంది. ఆఫీసు పనిలో రోజంతా తెరకేసి చూసినవాడికి రాత్రి చేత్తో ఏదో ఒకటి చేయాలనిపించడం సహజం. ఆ సంగతి మీకు అర్థమైందని తెలిస్తే, శని మధ్యాహ్నానికి మార్చుకోవడానికి ఆయన ఒప్పుకోవచ్చు.

స్లాబు విషయం మాత్రం నోటిమాటగా వదలకండి. ఇలా ఒక ఉత్తరం రాసి, ఆయనకొకటి, అసోసియేషనుకొకటి ఇచ్చి, మీ కాపీ మీద సంతకమూ తేదీ తీసుకోండి: "మీ ఫ్లాటులో వాయవ్యం గదిలో జరుగుతున్న బాత్‌రూమ్ పని మొదలైనప్పటి నుంచి మా గది కప్పు మీద చెమ్మ వస్తున్నది. ఫొటోలు జత చేశాను. స్ట్రక్చరల్ ఇంజినీరు చూసి లిఖితంగా సరేననే వరకు ఆ గదిలో పని ఆపవలసిందిగా, టైల్స్ వేసే ముందు 48 గంటలు నీళ్లు నిలిపి మా సమక్షంలో పరీక్ష చేయవలసిందిగా, మా కప్పుకు కలిగిన నష్టాన్ని బాగు చేయించవలసిందిగా కోరుతున్నాను. మిగిలిన గదుల పనికి నాకు అభ్యంతరం లేదు." చివరి వాక్యం తప్పకుండా ఉంచండి. మీరు ఆయన ఇల్లు కట్టుకోవడానికే అడ్డుపడుతున్నారన్న మాట రాకుండా ఆపేది అదే.

ప్రెసిడెంటుగారి బాల్కనీ గురించి: ఆ బాల్కనీని ఈ తగాదాలోకి లాగకండి. లాగితే ఆయన పూర్తిగా అవతలి పక్షమవుతారు. ఉత్తరం ఆయన పేరుకు కాకుండా అసోసియేషన్ కార్యదర్శికి ఇచ్చి, దాన్ని రాబోయే సర్వసభ్య సమావేశం అజెండాలో పెట్టమని అడగండి. ఇకపై ఎవరు ఇల్లు మార్పించుకున్నా పని నక్షా ముందుగా చూపించాలనీ, కొంత డిపాజిట్టు కట్టాలనీ, బెడ్డలు లిఫ్టులో దించకూడదనీ, వేళలు ఇవీ అనీ ఒక తీర్మానం చేయించండి. నాలుగో అంతస్తువారు కూడా రేపు తమ పైవారి గురించి భయపడుతూనే ఉంటారు, మీకు మద్దతు అక్కడి నుంచి వస్తుంది.

రెండు వారాలైనా జవాబు లేకపోయినా, పని ఆగకపోయినా, మీ వార్డు సచివాలయంలోని ప్లానింగ్ కార్యదర్శికి అదే ఉత్తరం కాపీతో ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండి. పై మెట్టు నగరపాలక సంస్థలోని పట్టణ ప్రణాళిక విభాగం. స్లాబు గొడవకు పోలీసు స్టేషనుకు వెళితే ప్రయోజనం తక్కువ. "ఇది సివిల్ విషయం" అని పంపించేస్తారు, మీకు అవమానంగా ఉంటుంది, ఆ అబ్బాయికి ధైర్యం వస్తుంది. అంతదాకా వస్తే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి. 1987 నాటి న్యాయసేవల చట్టం కింద మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం పొందే అర్హత ఉంది. కోర్టులో దావా వేయకముందే ఇద్దరినీ కూర్చోబెట్టి లోక్ అదాలత్‌లో రాజీ చేయించే వీలూ అక్కడ ఉంటుంది. పని ఆపమని కోర్టు నుంచి ఉత్తర్వు తెచ్చుకునే దారి ఆ తరువాతది. అక్కడికి చేరేలోపే ఇటువంటివి చాలావరకు తెములుతాయి, అవతలివారికి కూడా నష్టభయం ఉంటుంది కనుక.

ఇవన్నీ చేస్తే వదినగారితో మాటలు పోతాయన్న దిగులు మీ ఉత్తరమంతా పరచుకుని ఉంది. నన్నడిగితే ఉత్తరం ఇచ్చే ముందు రోజు సాయంత్రం ఆవిడను మీ ఇంటికి కాఫీకి పిలవండి. మనవరాలి గదిలోకి తీసుకువెళ్లి, ఏమీ అనకుండా పైకి చూపించండి. ఇల్లు నడిపిన ఆడవారికి చేటంత చెమ్మ అంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. కొడుకుకు చెప్పవలసింది ఆవిడే చెబుతారు. మర్నాడు మీ ఉత్తరం అందినప్పుడు ఆయనకు అది కొత్త సంగతి కాదు. ఆ ఉత్తరంతో ఇచ్చే పెన్సిలు గీతల ఫొటోలను మాత్రం దుకాణంలో ప్రింటు తీయించే పట్టుకెళ్లండి. ఫోనులో చూపించారా, "నాకు వాట్సాప్ చేయండి ఆంటీ" అంటాడు, సంగతి అక్కడితో ఆగిపోతుంది.